మూడో దెబ్బ

నేరడిగొండ,
దీపావళి పోయిన నాలుగో దినం, 1963.

బామ్మర్ది హనుమండ్లుకు మొండయ్య రాసేది.

ముందుగాల నా అక్షరాలకు మాఫీ చెయ్యి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడియి అక్కడ పడయి. ఖాన్గి బడిల రెండేండ్లు ఇసుకల వేలు పెట్టి దిద్దిన చదువు నాది. కలం పడితే చెయ్యి నా మాట వినదు. కూడబలుక్కొని చదువుకో. పోశవ్వ చెల్లెకు కూడ చదివి వినిపియ్యి.

నేను మంచిగున్న. మీరు మంచిగుండాలె.

దసరకు వచ్చినప్పుడు చెల్లె నా బండిల వేసిన పిల్లి మంచిగుంది. మూడు రంగులున్నయని చెల్లె చెప్పింది గద, అందుకు రంగి అని పేరు పెట్టిన. ఇంజన్ మూత మీద గోనెసంచి పరిచిన. వెచ్చగుంటదని ఆడనే పంటది. కరీంనగర్‌ల బియ్యం ఎక్కించిన కాడికెళ్లి నాగపూర్‌ల దించేదాక నాతోనే.

గని దానితోని జర పరేషాన్ అయింది. క్లీనర్ బాలమల్లు పని విడిచి పోయిండు. పిల్లి ఉన్న బండి ఎక్కనన్నడు. ఇప్పుడు ఒక్కణ్ణే నడుపుతున్న. మొన్న గుడిహత్నూర్ కాడ మోరి గోడకు మడ్‌గార్డ్ గీరుకపోయింది. పిల్లి ఎగిరి ఒళ్లె పడ్డది, అందుకు. ఇంకోటి, చీకట్ల బండి నడిస్తే పిల్లికి పడదు, ఒర్రుతది. అందుకని పొద్దుగూకంగనే ఆపుతున్న. లోడు ఒక దినం ఆలిశం అయితుంది.

రామేశ్వర్‌రావు దొర కోపానికి వచ్చిండు. "పిల్లినన్న దించు, నువ్వన్న దిగు" అన్నడు. దొర ముందర నాకు నోరు రాదు, నీకు ఎరుకే. నువ్వు ఆయన దగ్గర పదేండ్లు నడిపినోనివి. ఒక మాట చెప్పు. కొమురవ్వ పోయినంక నాకు ఇల్లు అంటే ఈ బండే.

నేరడిగొండల సక్కుబాయి హోటల్ కాడ ప్రతి ట్రిప్పుకు ఆగుత. ఆమె పేరు మీద రాస్తే నాకు అందుతది.

మొండయ్య

*

పెద్దపల్లి,
28 నవంబరు 1963.

మొండయ్య బావకు హనుమండ్లు దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం అందింది. అక్షరాలకు మాఫీ ఎందుకు బావా, కాయిదానికి అడుగు మాఫీ. ఒక్కొక్క అక్షరం గారె అంత వేసినవు. ఇంత ముచ్చటకు నాలుగు కాయిదాలు నింపినవు. "అన్న కాయిదం మీద రాసిండా, గోడ మీద రాసిండా?" అని పోశవ్వ అడుగుతుంది.

దొర కాడికి పోయిన. బస్సు దిగి చంకకర్ర కొట్టుకుంట పోతే, అరుగు మీద పేపరు చదువుతుండు. నన్ను చూసి "ఏందిర హనుమండ్లు, కాలు మొలిచిందా?" అన్నడు.

"మొలవలే దొరా. బావ కోసం అరువు తెచ్చుకొని నడిచిన" అన్న. నవ్విండు. నవ్వినప్పుడే అడగాలె గద, అడిగేసిన.

"ఆ లారీ పిల్లి నడుపుతుందా, మొండయ్య నడుపుతుండా?"

"పెండ్లాం పోయిన మనిషి దొరా, ఒక తోడు దొరికింది. ఇరువై ఏండ్లల్ల మీ బండి ఎవ్వనికన్న గోరంత తాకిందా?"

"మొన్న మోరికి తాకింది గదర."

"మోరిది తప్పు దొరా. రోడ్డు మీదికి అదే వచ్చింది."

మళ్ల నవ్విండు. నవ్వి, నవ్వు ఆపి, "సరే. పిల్లిని ఉంచుకోమను. గని మొండయ్య నీ జిమ్మేదారి. ఏమన్న అయితే నిన్నే పిలుస్త" అన్నడు. "నా జిమ్మేదారే దొరా" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెప్పి వచ్చిన.

చెప్పకుండ ఎట్లుంట? అడివిల దుంగ కింద నా కాలు పడ్డనాడు నన్ను బండిల పండబెట్టి, మంచిర్యాల దవఖాన దాక ఒక్క కుదుపు తగలకుండ నడిపినవు. గుంత ముందు గుంత ఉన్న తొవ్వ అది. అవి చేతులా, ఇంకేమన్ననా అని నాకు ఇప్పటికి అనిపిస్తది.

గని ఒక్కటి అడుగుత. పిల్లి జాతి అంతా చీకట్ల చూసి ఎలుకలు పడుతది. నీ రంగికి ఒక్కదానికే చీకటంటే భయమా? దాన్ని మరీ మురిపెంగ సాదుతున్నట్టున్నవు.

హనుమండ్లు

*

ఆదిలాబాద్,
18 ఫిబ్రవరి 1964.

బామ్మర్ది హనుమండ్లుకు మొండయ్య రాసేది.

నువ్వు చేసిన పని నేను మరువ. నోటితోని చెప్పరాదు, రాసుడు కూడ రాదు. నువ్వే అర్థం చేసుకో.

రంగి కడుపుతోని ఉంది. సక్కుబాయి చెయ్యి పెట్టి చూసి చెప్పింది. చెల్లెకు చెప్పు.

నువ్వు మురిపెం అన్నవు. ఉన్నదే. నేను మనుషులతోని మాట్లాడలేను. హోటల్ల చాయ్ అడగాలెనన్నా ఇంకొకడు అడిగేదాక నిలబడుత. దీనితోని మాట్లాడుత. జగిత్యాల దాటినంక షురూ చేస్తే నిర్మల్ ఘాట్ ఎక్కేదాక ఏదో ఒకటి చెప్తనే ఉంట. కొమురవ్వ ముచ్చట్లు కూడ చెప్పిన. ఆమె ఉన్నప్పుడు ఆమెకు చెప్పనియి.

దానికి ఒక అలవాటు నేర్పిన. బండి ఆపితే దిగిపోతది. ఎండకు బండి కిందికి పోయి, చక్రం నీడకు పంటది. నేను పోయేటప్పుడు తలుపు మీద అరచేతితోని మూడు దెబ్బలు కొడుత. ఒకటి కొడితే కండ్లు తెరుస్తది. రెండు కొడితే ఒళ్లు ఇరుసుకుంటది. మూడోది పడ్డదంటే ఉరికొచ్చి ఎక్కుతది. మూడోది పడనిది కదలదు. నేనూ అది ఎక్కనిది బండి కదిలియ్య.

నడిచేటప్పుడు ముందర అద్దం కాడ కూసుంటది. ఎడ్లబండి వచ్చినా, గొడ్డు అడ్డం వచ్చినా నాకన్న ముందుగాల అదే లేస్తది. అది లేస్తే నేను బ్రేకు మీద కాలు పెడుత. క్లీనర్ ఏం కావాలె ఇంక.

మార్చిల లైసెన్సు కొత్తది చేయించుకునేది ఉంది.

మొండయ్య

*

పెద్దపల్లి,
1 మార్చి 1964.

బావకు హనుమండ్లు రాసేది.

కడుపు ముచ్చట విని పోశవ్వ సంబురం చూడాలె నువ్వు. "అన్నకు చెప్పు, దానికి పాలు ఎక్కువ పొయ్యాలె, ఘాట్ మీద మెల్లగ నడపాలె" అంటది. నాకు జరమొచ్చినప్పుడు గింత ఫికర్ పడలే. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతది, కండ్లు తెరిచేదాక ఒక్క తావున ఉంచదు అని కూడ చెప్పుమన్నది. నీ బండి ఒక్కటే ఇల్లాయె. మిగిలిన ఆరు ఏడ తెస్తవో నువ్వే సోంచాయించు. ఒక పిల్లను మాకు తెచ్చి ఇయ్యాలెనట. ఆడపిల్లనే కావాలెనట.

బావా, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. "అది లేస్తే బ్రేకు మీద కాలు పెడుత" అని రాసినవు. నవ్వులకు రాసినవనుకుంటున్న. మరి అది లేవకుంటే?

లైసెన్సుకు కరీంనగర్ వస్తవు గద, ఆడికెళ్లి పెద్దపల్లి ఎంత దూరం? ఒక దినం ఉండి పో. నా కండ్లతోని నిన్ను చూసి ఐదు నెలలాయె.

హనుమండ్లు

*

కరీంనగర్,
21 మార్చి 1964.

హనుమండ్లుకు మొండయ్య రాసేది.

లైసెన్సు అయింది. డాక్టరు గోడకున్న పలక చదువుమన్నడు. తప్పు లేకుండ చదివిన. నా ముందర పదిమంది చదివిండ్రు. మూడేండ్లకు ముద్ర కొట్టి ఇచ్చిండ్రు.

పెద్దపల్లి వద్దామనుకున్న. లోడు తయారుంది. రాలే.

రంగి బరువైంది. అద్దం కాడికి ఎక్కుతలేదు. గోనె మీదనే పంటుంది.

మొండయ్య

*

నేరడిగొండ,
12 మే 1964.

హనుమండ్లుకు మొండయ్య రాసేది.

ఉత్తరం ఆలిశం అయింది. మనసు మంచిగ లేదు.

రంగి ఈనింది. పోయిన నెల ఈడ దిగింది, నేను ఒక్కణ్ణే నాగపూర్ పోయిన. తిరిగొచ్చేటాలకు కడుపు ఖాళీ. పిల్లలను ఏడనో దాచింది. ఏడిండ్లు తిప్పుతదని చెల్లె చెప్పింది గద. దాచుకోనీ. చెల్లెకు పిల్లను ఇచ్చుడు కాలేదు. ఏమనుకోవద్దని చెప్పు.

ఈనినకాడికెళ్లి నా మీద కోపం పట్టింది. ఇంజన్ మూత మీద పండదు, సీటు కిందికి పోతది. పాలు పోస్తే ముట్టదు, సక్కుబాయి వేసే జొన్నరొట్టె తింటది. తలుపు మీద దెబ్బలు కొడితే రాదు. ఎత్తి వెయ్యాలె. చెయ్యి గీరింది. పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలిచినట్టు ఉంటది.

సక్కుబాయి కూడ మునుపటిలెక్క మాట్లాడుతలేదు. చాయ్ అడగకముందే తెచ్చి పెడుతది, లోపటికి పోతది.

వచ్చే నెల మీ ఊరి మిల్లు నుంచి బియ్యం లోడు ఉందని దొర అన్నడు. వస్త.

మొండయ్య

*

పెద్దపల్లి,
17 జూన్ 1964.

మొండయ్య బావకు హనుమండ్లు రాసేది.

నువ్వు పోయి ఐదు దినాలాయె. ఐదు దినాల నుంచి రాద్దామా వద్దా అని కాయిదం ముందర పెట్టుకొని కూసుంటున్న.

నువ్వు మిల్లుకు పోయినప్పుడు పిల్లిని పోశవ్వ దగ్గర విడిచిపోయినవు. ఆమె ఒళ్లె పెట్టుకొని ముద్దు చేసింది. ముద్దు చేసుకుంట చేసుకుంట దాన్ని ఎల్లకిల పండబెట్టి చూసింది. చూసి ఒక్క కేక వేసింది.

"ఇగో, ఇది ఈననూ లేదు, ఈనేదీ లేదు. ఇది గండుది!"

మన హోటల్ల చాయ్ తాగేటోళ్లందరు పక్కున నవ్విండ్రు. "మొండయ్య గండుపిల్లికి కాన్పు చేసిండు" అని ఒకడు. "మంత్రసాని పని కూడ నేర్చిండు" అని ఇంకొకడు. నేనూ నవ్విన బావా, దాచుకునేది లేదు. బెంచి పట్టుకొని నవ్విన. నవ్వుకుంటనే పోశవ్వ మొఖం చూసిన. ఆమె నవ్వుతలేదు.

"మనం ఇచ్చింది మూడు రంగులది. ఇది ఒక్క బూడిద రంగు. అన్నకు కనబడుతలేదా?" అన్నది.

అప్పుడు నా నవ్వు ఆగింది. నువ్వు వచ్చిన కాడికెళ్లి చూసినయి ఒక్కొక్కటి యాదికొచ్చినయి. నువ్వు చాయ్‌ని సాసర్ల పోసుకునేటప్పుడు సగం బల్ల మీద పోసినవు. నేను లోపట ఉంటే బయట గుంజను చూసి "హనుమండ్లూ" అన్నవు. గల్లపెట్టె మీది క్యాలెండర్‌ను చూపెట్టి కొత్త అద్దమా అని అడిగినవు. నువ్వు మిల్లు నుంచి వచ్చినంక పిల్లిని ఎత్తి నీ చేతికిచ్చిన. నువ్వు "రంగీ" అన్నవు.

నువ్వు పోయిన తెల్లారి బాలమల్లు వచ్చిండు. నీ క్లీనరే. చాయ్ తాపిచ్చి అడిగిన, "పిల్లికి భయపడి మా బావను విడిచిపెట్టి పోయినవటగదర" అని. వాడు గ్లాసు కింద పెట్టిండు.

"నేనా? పిల్లికా? మా ఇంట్ల మూడు పిల్లులున్నయే. మొండయ్య తాత నడిపే బండిల కూసుంటే నా పానం అరచేతిల ఉండేది. మోరి మీదికి పోతుంటే నేను ఒర్రిన. ఏ మోరి అన్నడు. ఆ దినమే దిగిన. పిల్లి అప్పుడు మూత మీద నిద్రపోతుంది."

బావా, నీకు ఎంత కనబడుతది? నా మీద ఆన, ఉన్నదున్నట్టు రాయి. కోపం చేసుకోకు. నేను దొర ముందర నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఉన్న.

హనుమండ్లు

*

ఆదిలాబాద్,
29 జూన్ 1964.

హనుమండ్లుకు,

పిల్లి నా పిల్లే. ఎండకు రంగు పోయింది. దుమ్ము ఉంది. చెల్లె సరిగ చూడలే.

బాలమల్లు తాగుబోతు. వాని మాట పట్టుకొని నన్ను అడుగుతున్నవు.

నాకు కనబడుతది. ముద్ర కొట్టిన కాయిదం ఉంది.

నీకు కాలు పోయింది. పదేండ్ల నుంచి బండి ఎక్కలే. నేను ఎక్కుతున్న. అది నీకు కడుపుల ఉంది. ఇప్పుడు బయటికొచ్చింది.

ఇంక రాయకు.

మొండయ్య

*

పెద్దపల్లి,
20 జులై 1964.

బావా,

రాయకన్నవు. రాస్తున్న. కాలు మాట అన్నవు, పడ్డ. ఆ మాట నీది కాదు, భయానిది అని పోశవ్వ అన్నది. ఆమె అన్నంక నాకు నిద్ర పట్టింది.

నేను ఒక పని చేసిన. నీకు చెప్పకుండ చేసిన. మన రాయమల్లు నాగపూర్ బండి నడుపుతుండు గద, వానితోని సక్కుబాయిని అడిగిపిచ్చిన. నిన్న వచ్చి చెప్పిండు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. నేను కలిపింది లేదు.

ఏప్రిల్ మొదట్ల, ఒక మధ్యాహ్నమట. నువ్వు చాయ్ తాగి బండి ఎక్కినవు. రంగి వెనుక చక్రం నీడకు పండుకొని ఉంది. బండి కదిలింది. సక్కుబాయి "దాదా, ఆగు, ఆగు!" అని చెయ్యి ఊపుకుంట ఉరికిందట. నువ్వు ఆమె దిక్కే చూసినవట. చూసి, పోయొస్త అన్నట్టు చెయ్యి ఊపి పోయినవట.

హోటల్ వెనుక రేగుచెట్టు కింద ఆమెనే బొంద తీసి పెట్టింది. కడుపుల పిల్లలు ఉండె అన్నది. ఎన్ని అని రాయమల్లు అడగలే.

నాలుగు దినాలకు నువ్వు తిరిగొచ్చి, బండి దిగకుండనే తలుపు మీద దెబ్బలు కొట్టుకుంట "రంగీ, రంగీ" అని పిలుస్తున్నవట. చెప్దామని బయటికొచ్చిందట. "ఆ ముసలాయన పిలుపు వినలేకపోయిన. మా హోటల్ గండుపిల్లి కాళ్లకాడ ఉంటే ఎత్తి, దాదా గిదిగో నీ పిల్లి అని బండిల పెట్టిన. చూసి తిడుతడు, తిడితే చెప్దామనుకున్న. తీసుకొని పోయిండు" అని చెప్పి కొంగు నోట్ల కుక్కుకున్నదట.

ఇది నీకు రాయొద్దని పోశవ్వ చేతులు పట్టుకున్నది. రాయకుంటే ఎట్ల? చెయ్యి ఊపే ఆడమనిషి నీకు కనబడలే బావా. నా హోటల్ ముందర బడి ఉంది. గంట కొట్టంగనే పిల్లలు రోడ్డు మీదికి ఎట్ల ఉరుకుతరో నువ్వు చూసినవు. చూసినవా?

శ్రావణం షురూ అయ్యేదాక చూస్త. అంతల నువ్వే పోయి దొరకు చెప్పు. నీ నోటితోని చెప్తే మర్యాద ఉంటది. చెప్పకుంటే నేను పోయి నా జిమ్మేదారి వాపస్ తీసుకుంట. ఆనాడు నీ మీద నమ్మకంతోని పెట్టిన చెయ్యి ఇది. తీసేటప్పుడు నీ ఇల్లు కూలుతదని ఎరుకే. నన్ను తిట్టు. మొఖం చూడకు. గని దిగు.

హనుమండ్లు

*

నేరడిగొండ,
14 ఆగస్టు 1964.

బామ్మర్ది హనుమండ్లుకు మొండయ్య రాసేది.

అక్షరాలకు మాఫీ చెయ్యి. ఎప్పుడూ చదువు తక్కువని చెప్పి అడిగిన. అది అబద్ధం. చదువు తక్కువే గని, గీత మీద గీత పడుడు చదువుతోని కాదు. ఏడ రాసిన్నో నాకు కనబడది. ఎడమ చెయ్యి వేలు పంక్తి కింద పెట్టుకొని, దాని మీదికెళ్లి రాస్తున్న. తప్పిపోతే నువ్వే ఏరుకో.

కాలు మాటకు కూడ మాఫీ చెయ్యి.

నువ్వు అడిగినవు ఎంత కనబడుతదని. రెండేండ్ల నుంచి తక్కువైంది. పక్కలు పోయినయి. నడుమ ఒక గొట్టంల నుంచి చూసినట్టు ఉంటది, అది కూడ పొగలెక్క. చీకటి పడితే అంతే. చీకటి నాకు పడదు. పిల్లి మీద పెట్టిన. బాలమల్లు పోయింది, మోరి గీరింది, లోడు ఆలిశమైంది అన్నీ దాని మీదనే పెట్టిన. దానికి నోరు లేదు గద. పలక నేను చదవలే. ముందర పదిమంది చదువుతుంటే విని, అదే చెప్పిన.

ఇప్పుడు రంగి సంగతి రాస్త. నీకు తప్ప ఎవరికి చెప్పేది లేదు.

ఆ దినం నేను ఎక్కి కూసున్న. వెనుక బస్సు హారన్ కొడుతుంది. తలుపు మీద ఒకటి కొట్టిన. రెండు కొట్టిన. పక్కకు చూస్తే ఇంజన్ మూత మీద ముద్దలెక్క కనబడ్డది. ఎప్పుడో ఎక్కి పండుకుంది అనుకున్న. మూడోది కొట్టలే. అది నా గొంగడి.

మూడోది పడనిది అది కదలదని నీకు రాసిన. నేనే నేర్పిన.

బండి కదిలిచ్చిన. నువ్వు రాసినవు, నాకు తెల్వలే అన్నట్టు. తెలిసింది హనుమండ్లు. ముప్పై ఏండ్ల చెయ్యి. రాయి ఎక్కితే స్టీరింగ్‌కు ఒక తీరు తెలుస్తది. గుంతల పడితే ఒక తీరు. ఇది ఆ రెండూ కాదు. ఏందో నాకు తెలిసింది. ఆపలే. ఆపితే దిగి చూడాలె. చూస్తే ఇంక ఎక్కేది లేదు. గొంగడితోని మాట్లాడుకుంట గుడిహత్నూర్ దాక పోయిన. ఆడ చెయ్యి పెట్టిన.

సక్కుబాయి ఇచ్చింది వేరే పిల్లి అని కూడ తెలిసింది. కండ్లకు కాదు, చేతికి. రంగి మెడ కింద ఎంటికెలు మెత్తగుంటయి. దీనికి బిరుసు. ఆమె ఇచ్చిందని నాకు ఎరుకే, నాకు తెలిసిందని ఆమెకు ఎరుకే. ఇద్దరం ఆ మాట తియ్యలే. పిల్లి లేకుంటే నాకు సాకు లేదు, అందుకు తీసుకున్న. ఈనింది అని నీకు రాసిన. అది రాసేటప్పుడు చాలాసేపు కూసున్న. రాసినంక ఏడనో దాచింది, ఉన్నయి అని నేనే అనుకున్న. చెల్లెకు ఇది చదవకు.

నీ ఉత్తరం చదివి కూడ నేను దిగలే. ఇంకొక ట్రిప్పు అనుకున్న. ఇచ్చోడ దాటినంక, అంగడి దినం, చక్రం కింద ఏదో అయింది. ఏందో తెల్వలే. నా చెయ్యికి కూడ తెల్వలే. ఈసారి ఆపిన. దిగరాలే. స్టీరింగ్ పట్టుకొని కూసున్న. జనం ఒర్రుతున్నరు. ఏమంటున్నరో చెవులకు ఎక్కలే. ఒకాయన తలుపు తీసి "దిగు బాబా, మక్కల బస్త నాది, పగిలింది" అన్నడు. నేను నమ్మలే. దిగి వంగి చెయ్యి పెట్టిన. మక్కలే. ఆయన తిడుతుంటే ఇంకొకసారి చెయ్యి పెట్టి చూసిన. గింజలే. గని దిగేదాక అది మనిషా, బస్తనా నాకు తెల్వదు. ఆ కూసున్న సేపు ఎవరి బిడ్డనో నేను తొక్కిన. అది పోదు.

ఇంకొక డ్రైవర్‌ను పెట్టి బండి కరీంనగర్ చేర్చిన. తాళం చెవి దొర ముందర పెట్టిన. దొర తాళం చేతిల పట్టుకొని, "పిల్లి ఏది?" అన్నడు. "చచ్చిపోయింది దొరా" అన్న. నోటితోని అన్నది అదే మొదలు.

నీ జిమ్మేదారి తీరింది. దొరకు నీ మీద మాట లేదు. అడిగి వచ్చిన.

దవఖానల కూడ చూపించిన. మోతిబిందు, అంటే కంటి మీది పొర అయితే కోసి తీస్తుంటి, ఇది లోపటి నరం ఎండుడు అన్నడు డాక్టరు. ఉన్నది కూడ మెల్లగ పోతదట. ఎన్ని దినాలని అడిగిన. మనిషి మనిషికి వేరట.

నువ్వు పెద్దపల్లి రమ్మంటవు. రాను. నువ్వు కర్రతోని, నేను నీ భుజం పట్టుకొని, బడి ముందర. వద్దు. సక్కుబాయి ఉండనిచ్చింది. ఉల్లిగడ్డలు పొట్టు తీస్త, జొన్నలు చెరుగుత. వీటికి కండ్లు అక్కర లేదు. లారీలు వస్తయి, పోతయి. మోత విని ఏ బండో చెప్త. మొన్న దొర బండి వచ్చింది. కొత్త డ్రైవర్ గేరు మారుస్తుంటే పండ్లు కొరికినట్టు చప్పుడైంది. నేను లేవలే.

గండుది ఆమె కాడికి పోయింది. నా దగ్గరికి రాదు. రేగుచెట్టు ఏ దిక్కు ఉందో ఎరుకే, పోలే. బెంచి మీద కూసుంటే చెయ్యి దానంతట అదే కొడుతది. ఒకటి. రెండు. మూడోది కొట్టకముందే చెయ్యి ఎత్తి ఒళ్లె పెట్టుకుంట.

జల్ది రాయి హనుమండ్లు. నల్ల సిరాతోని రాయి. గారె అంత అక్షరాలు రాయి, ఎన్ని కాయిదాలైనా పర్వాలేదు. ఆలిశమైతే ఇంకొకరితోని చదివిపిచ్చుకోవాలె. నాకు సిగ్గు.

మొండయ్య